గేటు దగ్గర నిలబడ్డ దుర్గాబాయి

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర 14 ఏళ్ల వాలంటీర్ దుర్గాబాయి నిలబడ్డారు. టికెట్ లేదని నెహ్రూనే ఆపేశారు. నిర్వాహకులు టికెట్ తెచ్చాకే లోపలికి వదిలారు. అంతకు ముందే కాకినాడలో దేవదాసీలు, ముస్లిం మహిళలు గాంధీజీని కలుసుకునేలా సభ ఏర్పాటు చేయించారు.

1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె బాల్య వివాహాన్ని కాదనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. లాయరై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు. 1981లో కన్నుమూశారు.

ఖతార్‌లో మన పండగలకు, రక్తదాన శిబిరాలకు వాలంటీర్లుగా వెళ్లే పిల్లలకు ఈ కథ చెబుదాం. లేబర్ క్యాంపు నుంచి వచ్చిన అన్నకూ, పెద్ద ఉద్యోగంలో ఉన్న సార్‌కూ గేటు దగ్గర ఒకటే వరుస, ఒకటే మర్యాద.