పరమాణువులను లెక్కించిన భీమవరం బిడ్డ

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగానే మనకు మందులు గుర్తుకు వస్తాయి. కాని అంతకుముందే ఆయన మరొక ఘనకార్యం చేశారు. కంటికి కనిపించని పరమాణువులను లెక్కించి, మన కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలుసుకొనే దారి చూపారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన సోదరుని బలిగొంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత అమెరికా వెళ్ళి, రాత్రులు ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు.

పరమాణువులను లెక్కించడం ఎలా? ధాన్యం బస్తాలోని గింజలను ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు. వెయ్యి గింజలు 15 గ్రాములు తూగితే, 75 కిలోల బస్తాలో 50 లక్షల గింజలున్నట్లే. రసాయన శాస్త్రంలోనూ అంతే. 31 గ్రాముల ఫాస్ఫరస్‌లో ఎన్ని పరమాణువులుంటాయో, 131 గ్రాముల క్రియాటిన్‌లో అన్ని అణువులుంటాయి. ఆ సంఖ్య 6.022 × 10²³. దానినే ఒక మోల్ అంటారు.

అయితే కండరంలోని ఫాస్ఫరస్‌ను తూచేదెలా? సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావుగారు 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. ద్రావణంలో మాలిబ్డేట్ మొదలైనవి కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కండరాల రసంతో మాత్రం రంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. ఆ ఆలస్యాన్ని వారు తేలికగా తీసివేయలేదు. ఫాస్ఫేటు వేరొక పదార్థంతో జతగూడి ఉండి, నెమ్మదిగా విడిపోతున్నదని గ్రహించారు. ఆ రెండింటినీ కొలిచి మోల్‌ల లెక్కలోకి మార్చి చూస్తే, ఒక్కొక్క ఫాస్ఫేటుకు ఒక్కొక్క క్రియాటిన్ అణువు తేలింది. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. 1929లో మరొక పదార్థంలో ఒక అడినిన్‌కు మూడు ఫాస్ఫేట్లు ఉన్నట్లు చూపారు. జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అదే. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దానిని విడిగా కనుగొన్నారు.

హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కక, 1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన నాయకత్వంలో అక్కడ 1945లో ఫోలిక్ ఆమ్లం తయారయింది. అది స్ప్రూ రోగులకు ఔషధమయింది. బోదకాలు నివారణకు పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే.

1948 ఆగస్టులో, స్వదేశానికి తిరిగి రాకుండానే, 53 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. మోల్ పాఠం బరువనిపించే మన విద్యార్థులు, మూడుసార్లు పరీక్షకు కూర్చున్న ఈ భీమవరం బిడ్డను ఒకసారి తలచుకోవాలి.