బొమ్మల వెనుక తోట
(డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ జీవిత విశేషాలు)



పత్తి, మిరప పండే నేల మనది. అందులో మిరప మన సొంత మొక్క కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు నావికుల వెంట మన దేశానికి వచ్చింది. పరాయి మొక్క మన మట్టిలో నిలదొక్కుకుంటుందో లేదో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు నాటి చూడాలి. అలా నాటి చూడటమే వ్రతంగా పెట్టుకున్న ఒక ఉద్యోగి కథ ఇది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో సహాయ వైద్యుడిగా చేరారు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నారు. రోగులను చూడటం ఉద్యోగం. మొక్కలను చూడటం ప్రాణం.

అక్కడ ఆయన పెంచిన తోట ఒక విచిత్ర ప్రపంచం. మిరియాల తీగలు, కాఫీ, దాల్చిన చెక్క, జాజికాయ, సీమపనస, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఇలా ఎక్కడెక్కడి మొక్కలో గోదావరి గాలిలో పక్కపక్కనే పెరిగాయి. కొన్ని బతికాయి, కొన్ని బతకలేదు.

1787లో కోరంగి తీరంపై ఉప్పెన విరుచుకుపడింది. ఆయన పుస్తకాలు, సేకరించిన నమూనాలు నీటిపాలయ్యాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన మన ప్రాంతం వారికి ఆ నష్టం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆయన మాత్రం తిరిగి మొదటి నుంచి మొదలుపెట్టారు.

స్థానిక చిత్రకారులను పనిలో పెట్టుకుని, ప్రతి మొక్కకూ ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా కనిపించేలా బొమ్మలు వేయించారు. వాటిలో నుంచి ఏరిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాలు 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువడ్డాయి. మొక్కల స్థానిక తెలుగు పేర్లను కూడా ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. మన అడవుల్లోని సోమి చెట్టు బెరడు జ్వరాలకు పనికివస్తుందని లోకానికి తెలియజేశారు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు తెలుగు పేరునే 'సోయ్‌మిడా' అని శాస్త్రీయ నామంగా స్థిరపరచారు.

ఉత్తర సర్కారులను 1790 ప్రాంతంలో ఘోరమైన కరువు పీడించింది. ఆకలి చావులు చూసిన రాక్స్‌బర్గ్, వాన లేకపోయినా ఎంతో కొంత తిండి దొరకాలంటే కొబ్బరి, తాటి, ఈత, అరటి, పనస వంటివి విరివిగా నాటించాలని ప్రభుత్వానికి సూచించారు. తోట పెంచడం ఆయనకు సరదాగా మొదలై ఉండవచ్చు. అన్నం పెట్టే చెట్టు విలువ మాత్రం కరువే నేర్పింది.

1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లి ఇరవై ఏళ్లు పనిచేశారు. అక్కడా బొమ్మలు వేయించడం ఆపలేదు. మొత్తం రెండున్నర వేలకు పైగా చిత్రాలు తయారయ్యాయి. ఆరోగ్యం చెడి 1813లో సెలవు తీసుకున్నారు. దారిలో విశ్రాంతికి ఆగిన సెయింట్ హెలీనా దీవిలో కూడా అక్కడి మొక్కల జాబితా రాశారు! 1815 ఫిబ్రవరి 18న ఎడింబరోలో కన్నుమూశారు. జీవితమంతా రాసిన 'ఫ్లోరా ఇండికా'ను అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. మిత్రుడు విలియం కేరీ ఆ బాధ్యత స్వీకరించి 1820లో ప్రచురణ ప్రారంభించారు. పూర్తి గ్రంథం 1832లో వెలువడింది.

సామర్లకోట తోట నాటి వైభవం నిలవలేదు. చిత్రాలు మాత్రం కలకత్తాలోను, లండన్‌లోని క్యూ ఉద్యానంలోను భద్రంగా ఉన్నాయి. నేడు ఆ తోటను చూడాలంటే ఆ బొమ్మల వెనుకనే వెతుక్కోవాలి. ఒక్కటే వెలితి. దొర పేరు వందలాది మొక్కల పేర్ల పక్కన నిలిచింది. సామర్లకోటలో కుంచె పట్టి ఆ ఆకుల ఈనెలు గీసిన మనవాళ్ల పేర్లు ఎక్కడా నిలవలేదు.

మన కార్యాలయాల్లోనూ అంతే కదా! సంతకం చేసినవారి పేరు ఫైలులో ఉంటుంది, రాసినవారి పేరు ఉండదు. కనుక మిత్రులారా, ఈ విశ్రాంతి కాలంలో మనవలను పెరట్లోకి తీసుకెళ్లి ఒక్కొక్క మొక్క తెలుగు పేరు చెప్పండి. దానిని నాటిన చేతుల పేరు కూడా చెప్పడం మరువకండి.