జార్జి వాషింగ్టను కార్వరు గారు

ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఇంకను పైచదువులేల, పెద్ద పట్టముల వలన ఫలమేమి అని తలిదండ్రులు కొందరు మమ్ము అడుగుచుందురు. వారికొరకు ఈ చరిత్రము వ్రాయుచున్నాము.

కార్వరు గారు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున 1864 ప్రాంతమున ఒక నల్లజాతి బానిస స్త్రీకి జన్మించిరి. పసితనముననే దొంగలు తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోగా బిడ్డ మాత్రమే తిరిగి దొరికెను. యజమాని దంపతులే పెంచి అక్షరములు నేర్పిరి. ఆ యూరి బడిలో నల్లవారికి చోటు లేనందున, నియోషో పట్టణమునకు నడచిపోయి చదువుకొనిరి.

కాన్సాసు రాష్ట్రమందలి హైలాండు కళాశాలకు దరఖాస్తు పంపగా, చేర్చుకొందుమని జాబు వచ్చెను. ఆశతో పోయిరి. అధికారులు మేనిరంగు చూచి త్రిప్పి పంపిరి. అది క్రైస్తవ సంఘమువారు స్థాపించిన విద్యాలయమే. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. తరువాత కొన్నేండ్లు మైదానభూములలో మట్టియింట నుండి సేద్యము చేసిరి. 1890లో అయోవా రాష్ట్రమున మెథడిస్టువారి సింప్సను కళాశాల ఆయనను చేర్చుకొనెను. తోడివారి బట్టలుదికి భుక్తి గడపుకొనుచు చిత్రలేఖనము నేర్చిరి. ఆయన గీసిన మొక్కలను చూచి ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్డు గారు ఏమ్సులోని వ్యవసాయ కళాశాలకు పొమ్మనిరి. అచ్చట 1894లో మొదటి పట్టమును, మొక్కల బూజు తెగుళ్ళను పరిశోధించుచు 1896లో ఎమ్.ఎస్. పట్టమును పొందిరి.

వ్యవసాయశాస్త్రమున అట్టి పట్టము గల నల్లజాతివారు ఆనాడు మిక్కిలి అరుదు. బుకరు టి. వాషింగ్టను గారు ఆయనను అలబామాలోని టస్కీగీ విద్యాలయమునకు పిలిచిరి. పట్టముతో కొంత పట్టుదలయు వచ్చెనని దాచనక్కరలేదు. తోడి ఉపాధ్యాయులు గదికిద్దరేసి యుండగా, తమ మొక్కల సేకరణ కొరకని రెండు గదులు కోరిరి. జీతమును అధికమే. అందరును కినిసిరి, ఉపాధ్యాయులమగు మాకు ఆ కినుక తెలియనిది కాదు. అయితే వచ్చి చూడగా ప్రయోగశాలయే లేదు! చెత్తకుప్పలలోని సీసాలు, డబ్బాలు ఏరించి పరికరములు చేసికొనిరి.

ఏటేట పత్తి వేయుటచే అచ్చటి నేల నిస్సారమై యుండెను. వేరుసెనగ, అలసంద వేయుడని ఆయన బోధించిరి; వాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు బలమిచ్చును. బడికి రాలేని రైతుల యొద్దకు 1906 నుండి పనిముట్లతో, విత్తనములతో గుఱ్ఱపుబండిని పంపిరి. వేరుసెనగ వెన్నను ఆయనయే కనిపెట్టిరని చెప్పుకొందురు గాని అది నిజము కాదు.

జనులు డాక్టరు అని పిలిచినను, ఆ పట్టము 1928లో సింప్సను కళాశాల గౌరవార్థమిచ్చినది. చదివి పొందినవి రెండే. కూడబెట్టిన సొమ్ముతో 1940లో టస్కీగీలో శాస్త్రపరిశోధనకు ఒక నిధి స్థాపించిరి. 1943 జనవరి 5న మరణించినప్పుడు మిగిలిన ఆస్తియు ఆ నిధికే చేరెను.