బొగ్గు యంత్రం నుంచి గాలి రెక్కల దాకా: ఒట్టో లిలియెంతాల్



పరీక్షలు అయిపోతే ఏం కొనిస్తారని పిల్లలు అడిగే వాటిలో ఈమధ్య రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం ముందుంటోంది. అందులోనూ మోటారు మోత లేకుండా గాలి మీద తేలే గ్లైడర్ అంటే పెద్ద తరగతుల పిల్లలకు మరీ ఇష్టం. ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా అని పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఒక జర్మన్ ఇంజనీరు జీవితంలో దొరుకుతుంది. ఆయన పేరు ఒట్టో లిలియెంతాల్. రెక్కలు తగిలించుకొని వేలసార్లు గాలిలో తేలి, ఆ లెక్కలన్నీ ప్రపంచానికి ఇచ్చిన మనిషి. అలాంటి ఆయన మొదటి పేటెంట్ బొగ్గుబాయి పనికి సంబంధించిందంటే మన ప్రాంతం వాళ్లకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కొంగలను చూసి నేర్చుకున్న అన్నదమ్ములు

ఒట్టో 1848 మే 23న జర్మనీ ఉత్తరాన ఉన్న ఆంక్లామ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఆ ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు పుడితే బతికింది ముగ్గురే: ఒట్టో, తమ్ముడు గుస్టావ్, చెల్లెలు మరీ. ఒట్టోకు పదమూడేళ్లున్నప్పుడు తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకున్న తల్లి కరోలీన్ ముగ్గురినీ ఒంటరిగా పెంచింది.

ఊరి బయట పచ్చిక మైదానాల్లో పెద్ద కొంగలు వాలేవి. అన్నదమ్ములిద్దరూ గంటల కొద్దీ వాటినే చూసేవారు. కొంగ ఎగరాలంటే ఎప్పుడూ గాలికి ఎదురుగానే పరుగెత్తుతుందని వాళ్లు చిన్నప్పుడే గమనించారు. 1862లో పలచని చెక్కతో రెక్కలు చేసి చేతులకు కట్టుకొని గుట్ట మీద నుంచి పరుగెత్తారు. తోటి పిల్లలు నవ్వుతారని ఆ పని రాత్రిపూట చేసేవారు. రెక్కలు ఎగరలేదు. తల్లి మాత్రం వాళ్లకు అడ్డు చెప్పలేదు.

సొంత ఊరి బడిలో ఒట్టో చదువు అంతంతమాత్రమే. తర్వాత పోట్స్‌డామ్‌లోని సాంకేతిక పాఠశాలలో చేరాడు. చేత్తో గీసి, కొలిచి, తయారు చేసే చదువు అక్కడ దొరికింది. అదే పిల్లవాడు అక్కడ చాలా మంచి ఫలితాలతో బయటికి వచ్చాడు. తర్వాత బెర్లిన్‌లో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో పని నేర్చుకొని, అక్కడి సాంకేతిక అకాడమీలో ఇంజనీరింగ్ చదివాడు.

బొగ్గుబాయి, బాయిలర్, బోనస్

ఉద్యోగంలో చేరాక ఆయన గనుల్లో వాడే ఒక యంత్రం తయారు చేశాడు. బొగ్గు పొర అడుగున గాడి కోసే యంత్రం అది. అడుగున గాడి పడితే పైనున్న బొగ్గును దించడం తేలిక. మొదటి పేటెంట్ దానికే వచ్చింది. ఆ పని మీద గనులు తిరుగుతున్నప్పుడే గని కుటుంబానికి చెందిన ఆగ్నెస్ ఫిషర్ పరిచయమైంది. 1878లో పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు పుట్టారు.

యంత్రం ఆయనకు పెద్ద సంపాదన తెచ్చిపెట్టలేదు. తమ్ముడితో కలిసి పిల్లల కోసం రాతి దిమ్మెల బొమ్మల సెట్ తయారు చేస్తే దాని హక్కులు తక్కువ డబ్బుకే వేరొకరికి అమ్మాల్సి వచ్చింది. కొన్నవాడు దానితో బాగా సంపాదించాడు. చివరికి ఒట్టోను నిలబెట్టింది చుట్టలా తిప్పిన గొట్టాలతో చేసిన బాయిలర్. పేలిపోయే భయం తక్కువ కాబట్టి చిన్న వర్క్‌షాపుల వాళ్లు కొన్నారు. 1883లో బెర్లిన్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. 1890లో లాభాల్లో 25 శాతం కార్మికులకు పంచడం మొదలుపెట్టాడు. దసరా ముందు లాభాల వాటా కోసం ఎదురుచూసే సింగరేణి ఇళ్లకు ఆ మాట విలువ వేరుగా చెప్పనక్కర్లేదు.

ముందు కొలత, తర్వాత ఎగరడం

ఈ పనుల మధ్య రెక్కల సంగతి ఆయన వదల్లేదు. ఒక నిలువు స్తంభం చుట్టూ గిరగిరా తిరిగే పొడవాటి చేతికి రకరకాల రెక్క ముక్కలు బిగించి, గాలి ఒక్కోదాన్ని ఎంత బలంగా పైకి ఎత్తుతుందో కొలిచాడు. చదునైన పలక కంటే పక్షి రెక్కలా కొద్దిగా వంపు ఉన్న పలకను గాలి ఎక్కువ ఎత్తుతుందని లెక్కలతో చూపించాడు. ఆ పట్టికలన్నీ కలిపి 1889లో పక్షుల ఎగురుడు మీద పుస్తకంగా ప్రచురించాడు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఇంకా ఒక్కసారి కూడా గాలిలో తేలలేదు.

1891లో డెర్విట్స్ అనే ఊరి దగ్గర మొదటిసారి నేల విడిచాడు. సుమారు 25 మీటర్లు తేలాడు. 1893లో రీనోవ్ కొండల మీద నుంచి 250 మీటర్ల దాకా వెళ్లాడు. 1894లో బెర్లిన్ అంచున ఒక ఇటుక బట్టీ దగ్గర 15 మీటర్ల ఎత్తున మట్టి గుట్ట పోయించుకున్నాడు. చుట్టూ వాలు ఉంటే గాలి ఎటు వీచినా దానికి ఎదురుగా పరుగెత్తవచ్చని ఆయన ఆలోచన. మన ఓసీపీల పక్కన మట్టి కుప్పలు చూసే పిల్లలకు ఆ గుట్ట ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు.

విల్లో కర్రలు, నూలు గుడ్డతో చేసిన ఆయన గ్లైడర్ బరువు దాదాపు 20 కిలోలు. ఒక నమూనాను వరుసగా తయారు చేసి అమ్మాడు కూడా. కొన్నవారిలో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ ఉన్నారు. ఐదేళ్లలో ఆయన దాదాపు 2000 సార్లు గాలిలో తేలాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

కంటికి కనబడని గాలి

ఒక్క లోపం మిగిలింది. ఆ గ్లైడర్‌ను తిప్పడానికి చుక్కాని తాళ్లు, మీటలు లేవు. కింద వేలాడుతూ కాళ్లు, నడుము అటూ ఇటూ ఊపితేనే అది మాట వినేది.

1896 ఆగస్టు 9, ఆదివారం. స్టోల్న్ ఊరి దగ్గర గోలెన్‌బెర్గ్ గుట్ట. మంచి ఎండ. గాలిలో ఉండగా గ్లైడర్ ముక్కు ఒక్కసారిగా పైకి లేచి నిలిచిపోయింది. ఒట్టో బరువును ముందుకు వేసినా అది దిగలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడిపోయాడు. మెడ విరిగింది. మరుసటి రోజు బెర్లిన్‌లో కన్నుమూశాడు. వయసు 48.

ఎండకు వేడెక్కి పైకి లేచిన గాలి ముద్ద తగలడమే ప్రమాదానికి కారణమని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. దాన్నే థర్మల్ అంటారు. మన దగ్గర ఎండెక్కాక గద్దలు రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోయేది ఆ గాలి మీదే. పొడి నేల, రోడ్డు, రాతి గుట్ట తొందరగా వేడెక్కుతాయి. చెరువు, పచ్చని పొలం ఆలస్యంగా వేడెక్కుతాయి. వేడి నేల మీది గాలి తేలికై లేస్తుంది. ఆయన ప్రాణం తీసిన ఆ గాలినే ఇవాళ గ్లైడర్ ఎగరేసేవాళ్లు వెతుక్కుంటూ వెళ్తున్నారు.

అమెరికాలో సైకిళ్ల షాపు నడిపే విల్బర్ రైట్ ఈ మరణ వార్త చదివాకే ఎగరడం గురించి గట్టిగా ఆలోచించాడు. రైట్ సోదరులు లిలియెంతాల్ పట్టికలతోనే మొదలుపెట్టి, 1901లో సొంతంగా మళ్లీ కొలిచి, రెక్కను అదుపు చేసే పద్ధతి మీద ఎక్కువ పని చేశారు. 1903 డిసెంబర్ 17న ఎగిరారు.

మన పిల్లలకు ఏ గ్లైడర్?

ఆయన జీవితం నుంచే ఎంపిక సూత్రాలు తీసుకోవచ్చు.

1. మొదటిది చేత్తో విసిరే చిన్న ఫోమ్ గ్లైడర్ కావాలి. ముక్కు దగ్గర కొద్దిగా బరువు పెంచి, తగ్గించి, ఎంత దూరం పోయిందో నోట్‌బుక్‌లో రాయించండి. కొలవడం అలవాటయ్యాకే రిమోట్.

2. థర్మల్‌లో తేలాలంటే రెక్క పొడవుగా, బరువు తక్కువగా ఉండాలి. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల రెక్క ఉన్నది నెమ్మదిగా ఎగురుతుంది, పిల్లవాడికి ఆలోచించే సమయం ఇస్తుంది. వేగంగా దూసుకుపోయేది వద్దు.

3. రెక్కల చివరలు పైకి వంగి ఉన్నది తీసుకోండి. ఒక పక్కకు ఒరిగినా తనంతట తాను సర్దుకుంటుంది. పక్కకు తిప్పేది, పైకీ కిందికీ దించేది, ఈ రెండు కంట్రోళ్లు చాలు. మన నేల చదును కాబట్టి పైకి చేర్చడానికి ముందు చిన్న మోటారు, మడుచుకునే ఫ్యాన్ ఉంటే మంచిది.

4. విరిగితే జిగురుతో అతికేది కొనండి. కచ్చితంగా విరుగుతుంది.

5. ఒక రెక్క దానంతట అదే లేస్తే థర్మల్ ఆ పక్కనే ఉన్నట్టు. అటే తిప్పి గద్దలా గుండ్రంగా తిరగాలని నేర్పండి.

కరెంటు తీగలు, పవర్ ప్లాంట్, గనులు, రోడ్ల దగ్గర ఎగరేయకూడదు. ముందుగా డీజీసీఏ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి. బ్యాటరీ చార్జింగ్ పెట్టినప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

లిలియెంతాల్‌కు తప్పు చేసి నేర్చుకోవాలంటే తన శరీరాన్నే గాలిలో పెట్టక తప్పలేదు. మన పిల్లల కాళ్లు నేల మీదే ఉంటాయి, పడేది ఫోమ్ ముక్క మాత్రమే. అంత చవగ్గా తప్పులు చేసే అవకాశం ఆయనకు లేదు. మార్కులు తగ్గుతాయేమోనని భయపడే ముందు, సొంత బడిలో వెనకబడి సాంకేతిక పాఠశాలలో ముందుకొచ్చిన ఆ పిల్లవాణ్ని, రెక్కలు చేసుకుంటుంటే అడ్డు చెప్పని ఆ తల్లిని ఒకసారి తలచుకోండి. ఈ నెల ఒక ఆదివారం ఉదయం పిల్లలతో మైదానానికి వెళ్లి, ముందు గాలి ఎటు నుంచి వస్తుందో వాళ్లనే కనుక్కోమనండి.