తలుపు దగ్గర దొరికిన వరం

ఆదివారం పూజ ముగిశాక మన విచారణ గురువులు ఒక్కోసారి ఒక కోరిక కోరుతుంటారు. పిల్లలకు సత్యోపదేశం చెప్పడానికి ఎవరైనా వస్తారా, మంచాన పడ్డవారిని వారానికోసారి చూసి రావడానికి ఒకరిద్దరు దొరుకుతారా అని. చాలామందిమి తల దించుకుంటాం. నాకేం వచ్చు, చదువుకున్నవాళ్లు చూసుకుంటారులే అనుకుంటూ చెప్పులు వేసుకుంటాం. దీనికి వినయమని పేరు కూడా పెట్టుకుంటాం. పునీత పౌలుగారు మాత్రం కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో, పవిత్రాత్మ ప్రతి ఒక్కరికీ అందరి మేలు కోసం వరాలిస్తాడని నేర్పారు. రోగులను స్వస్థపరచే వరాన్ని చెప్పిన చోటనే, ఇతరులకు సాయపడే వరాన్ని కూడా చేర్చారు. ఈ రెండు వరాలూ ఒకే మనిషిలో, అదీ ఎందుకూ పనికిరాడనిపించుకున్న మనిషిలో, ఎలా బయటపడ్డాయో ఈ వారం చూద్దాం.

కెనడా దేశంలో క్వెబెక్ ప్రాంతాన, మాంట్రియల్ నగరానికి దగ్గరలోని ఒక పల్లెలో 1845 ఆగస్టు 9న ఆల్‌ఫ్రెడ్ బెసెత్ జన్మించారు. పుట్టినప్పుడే బ్రతుకుతాడో లేదో అన్నంత బలహీనం. తండ్రి వడ్రంగి, కట్టెలు కొట్టేవాడు. 1855లో చెట్టు మీద పడి చనిపోయాడు. రెండేళ్లకు తల్లి కూడా క్షయతో కన్నుమూసింది. పిల్లలు తలా ఒక బంధువు ఇంటికి చేరారు. పన్నెండేళ్ల ఆల్‌ఫ్రెడ్ పిన్ని ఇంటి నుంచి పనులకు బయలుదేరాడు. చెప్పులు కుట్టడం నేర్చుకోబోయాడు, రొట్టెల బట్టీలో చేరాడు, కమ్మరి కొలిమి దగ్గర నిలబడ్డాడు, పొలం పనికి వెళ్లాడు, అమెరికా వెళ్లి బట్టల మిల్లుల్లో కూడా కొన్నేళ్లు కష్టపడ్డాడు. జీవితాంతం వదలని కడుపు జబ్బు, దానికి తోడు నీరసం. ఏ పనిలోనూ నిలవలేకపోయాడు. చదువు కూడా అంతంతమాత్రమే, తన పేరు వ్రాయగలిగితే గొప్ప.

ఇలాంటి యువకుణ్ణి చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఆ ఊరి విచారణ గురువు ఆంద్రే ప్రొవెన్సాల్‌గారు వేరే విధంగా చూశారు. గుడిలో జోజప్పగారి స్వరూపం ముందు గంటల తరబడి మోకరించే ఈ కుర్రవాణ్ణి ఆయన ఎప్పటినుంచో గమనిస్తున్నారు. 1870లో మాంట్రియల్‌లోని పవిత్ర సిలువ సభవారి దగ్గరకు పంపుతూ, మీ సభకు ఒక పునీతుణ్ణి పంపుతున్నానని జాబు వ్రాశారు. ఆ గురువు పేరు మీదనే ఆల్‌ఫ్రెడ్ మఠంలో బ్రదర్ ఆంద్రే అయ్యారు.

మఠం పెద్దలకు మాత్రం ఆ జాబు అంతగా రుచించలేదు. ఆరోగ్యం లేనివానికి వ్రతాలు ఇవ్వలేమన్నారు. మాంట్రియల్ మేత్రాణులు బుర్జేగారు అక్కడికి వచ్చినప్పుడు ఆంద్రే ఆయన కాళ్ల దగ్గర మోకరించి, ఎంత హీనమైన పనైనా చేస్తాను, దేవుని సేవలో ఉండనివ్వండని వేడుకున్నారు. మేత్రాణులు అభయమిచ్చారు. కొత్తగా వచ్చిన నోవిషియేట్ గురువు కూడా, ఇతడు పని చేయలేకపోయినా ప్రార్థన చేయడమైనా తెలుసునని మద్దతిచ్చారు. ఈ ఇద్దరూ నోరు విప్పకపోతే బ్రదర్ ఆంద్రే కథ అక్కడితో ఆగిపోయేది. 1874లో ఆయన నిత్య వ్రతాలు చేశారు.

అప్పటికే ఆయనకు అప్పగించిన పని నోత్రదామ్ కళాశాల తలుపు దగ్గర కావలి. గంట మోగితే తలుపు తీయాలి, వచ్చినవారిని కూర్చోబెట్టాలి, లోపలివారిని పిలవాలి. దానితో పాటు నేల తుడవడం, దీపాలు చూడడం, బట్టలు ఉతకడం, ఉత్తరాలు తేవడం, విద్యార్థులకు క్షవరం చేయడం. మఠంలో చేరగానే పెద్దలు తనకు తలుపు చూపించారని, తాను మాత్రం నలభై ఏళ్లు అక్కడే ఉండిపోయానని ముసలితనంలో ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు.

వరం దొరికింది అక్కడే. తలుపు తట్టేవారిలో దుఃఖంలో ఉన్నవారు, జబ్బుతో ఉన్నవారు చాలామంది. బ్రదర్ ఆంద్రే వారి మాట వినేవారు. జోజప్పగారి స్వరూపం ముందు వెలిగే దీపంలోని నూనె కొంచెం ఇచ్చి రాసుకోమని, నవదిన ప్రార్థనలు చేయమని చెప్పేవారు. కొందరు నయమై తిరిగి వచ్చారు. తరువాత పదులుగా, వందలుగా రాసాగారు. అది తన వరమని మాత్రం ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. స్వస్థపరచింది దేవుడు, అడిగిపెట్టింది జోజప్పగారు అనేవారు. తనను పొగిడేవారి మీద చిరాకుపడేవారు కూడా. ఒక్కోరోజు సాయంత్రానికి అలసిపోయి, వచ్చినవారితో కటువుగా మాట్లాడి, తరువాత బాధపడి ఏడ్చేవారట. నాకు ఈ ముక్కే ఎక్కువ ధైర్యమిస్తుంది. వరం పొందిన మనిషికి కూడా కోపం వస్తుంది, కడుపు నొప్పి వస్తుంది.

వ్యతిరేకత రాకపోలేదు. రోగులు గుంపులుగా వస్తుంటే తమ పిల్లలకు అంటుకుంటుందని తల్లిదండ్రులు భయపడ్డారు. వైద్యులు తప్పుబట్టారు. పెద్దలు చెప్పగానే ఆయన మారుమాట లేకుండా రోడ్డు అవతల ట్రాము ఎక్కేచోట ఉన్న చిన్న గదిలో రోగులను కలవడం మొదలుపెట్టారు. అగ్రపీఠాధిపతి బ్రుషేసీగారు, ఆపమంటే ఈ బ్రదర్ ఆపుతాడా అని మఠాధికారిని అడిగారట. తప్పక ఆపుతాడని జవాబు వచ్చింది. అలాగైతే సాగనివ్వండి, దేవునిదైతే నిలుస్తుందని ఆయన వదిలేశారు.

ఎదురుగా ఉన్న మౌంట్ రాయల్ కొండ మీద జోజప్పగారికి గుడి కట్టాలని ఆంద్రేగారి కోరిక. మనిషికి అయిదు సెంట్ల చొప్పున క్షవరం చేసిన డబ్బు కూడబెట్టారు. 1904లో అక్కడ ఒక చిన్న చెక్క గుడి లేచింది. 1909లో ఆయన ఆ కొండమీది సేవకే వెళ్లిపోయారు. 1924లో మహాదేవాలయం పని మొదలైంది. ఆర్థిక మాంద్యం వచ్చి డబ్బు లేక ఆగిపోయింది. జోజప్పగారికి తలమీద కప్పు కావాలంటే ఆయనే చూసుకుంటారు, స్వరూపాన్ని లోపల పెట్టండని 1936లో ముసలి బ్రదర్ సలహా ఇచ్చారు. పైకప్పు లేని ఆ గోడల మధ్యకు స్వరూపాన్ని ఊరేగింపుగా తీసుకెళ్లారు. తరువాత కొద్దికాలానికే పని తిరిగి మొదలైంది.

అది చూడడానికి ఆయన లేరు. 1937 జనవరి 6న, 91 ఏళ్ల వయసులో మరణించారు. గడ్డకట్టే చలిలో సుమారు పది లక్షలమంది ఆయన భౌతికకాయాన్ని దర్శించారు. 1982లో ధన్యుడుగా, 2010 అక్టోబరు 17న పునీతుడుగా శ్రీసభ ప్రకటించింది. ఆ మహాదేవాలయం పక్కనే క్షవరం డబ్బుతో మొదలైన చిన్న చెక్క గుడి, దాని మీద ఆయన నివసించిన గది ఇప్పటికీ ఉన్నాయి.