తారస్థాయిలోనూ తొణకని గాత్రం: ఘంటసాల వేంకటేశ్వరరావు



సీతమ్మధారలోని మన ఆలయం నూతన శోభను సంతరించుకొన్న ఈ శుభవేళ, ఇక్కడి మండపంలో ఉదయసాయంకాలాలు భజనలు, కీర్తనలు మారుమ్రోగనున్నాయి. ఆలపించేవారిలో బాలబాలికలున్నారు, గృహిణులున్నారు, వృద్ధులూ ఉన్నారు. భక్త్యావేశంలో గొంతు చించుకొని, మరునాడు మాట పెగలక బాధపడేవారు ప్రతి ఉత్సవంలోనూ కనిపిస్తూనే ఉంటారు. అట్టివారందరికీ ఆదర్శప్రాయమైన ఒక గాయకుని జీవితాన్ని ఇక్కడ స్మరించుకొందాము.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తల్లి రత్తమ్మ. తండ్రి సూరయ్యగారు తరంగాలు గానం చేసే భక్తులు. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నదే ఆయన చివరి కోరిక. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు ఆ మాటనే ఆస్తిగా చేసుకొని, చేతి ఉంగరం అమ్ముకొని, మనకు పొరుగునే ఉన్న విజయనగరం చేరుకొన్నాడు.

1919లో స్థాపితమైన విజయనగరం సంగీత కళాశాలకు అప్పుడు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులు. గాత్రంలో పట్రాయని సీతారామశాస్త్రిగారు గురువులు. తిండికి మాధుకరం, తలదాచుకోవడానికి గుడి అరుగు. అంతటి దైన్యంలోనూ సాధన మాత్రం ఆగలేదు. శిష్యుని దీక్షను గుర్తించిన శాస్త్రిగారు పైకం ఆశించక విద్యాదానం చేశారు.

ఆ సాధన ఎట్టిదో ఆలోచించండి. మన సంప్రదాయంలో తారస్థాయికి దారి మంద్రస్థాయి నుంచే మొదలవుతుంది. తెల్లవారుజామున తంబురా శ్రుతిలో క్రింది స్వరాలను అకారంతో నిలకడగా పలికించి, గొంతు కుదుటపడిన తరువాతనే మెట్టుమెట్టుగా పైకి వెళ్ళాలి. శ్వాస నాభి నుంచి రావాలి. భుజాలు ఎగరరాదు, మెడనరాలు బిగుసుకోరాదు.

ఇందలి శాస్త్రం కూడా తెలుసుకోదగినదే. తారషడ్జంలో స్వరతంత్రులు మధ్యషడ్జంకన్నా సరిగ్గా రెండింతల వేగంతో కంపిస్తాయి. అందుకు అవి సాగి పలుచబడాలే గాని, ఊపిరితో అదిమి కొట్టుకోరాదు. బలవంతంగా అరిచే అలవాటు ముదిరితే వాటి అంచులు వాచి, చిన్న కాయలు కట్టి, నాదం బొంగురుపోతుంది. అందువల్ల పైస్వరానికి పోయేటప్పుడు గడ్డం పైకెత్తక, దవడ వదులుగా ఉంచి, నోరు మరికొంత తెరవడం మేలు. తన గాత్రానికి ఇమిడే శ్రుతిని ఎంచుకోవడం అన్నింటికన్నా ముఖ్యం.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఘంటసాలగారు కారాగారవాసం అనుభవించారు. అనంతరం సముద్రాల రాఘవాచార్యగారి ప్రోత్సాహంతో మద్రాసు చేరి చలనచిత్ర గాయకులుగా, సంగీత దర్శకులుగా స్థిరపడ్డారు. 1951 నాటి పాతాళభైరవి, 1963 నాటి లవకుశ చిత్రాల సంగీతం ఆయనదే. 1970లో పద్మశ్రీ పురస్కారం వరించింది.

ఆయన పద్యపఠనం ఒక మార్పుకు నాంది. మైకు లేని కాలంలో రంగస్థల నటులు చివరి వరుసవారికి సైతం వినిపించాలని హెచ్చు శ్రుతిలో, దీర్ఘమైన రాగాలాపనలతో పాడేవారు. వన్స్‌మోర్ అంటే మళ్ళీ అంతా పాడవలసిందే. మైకు వచ్చిన పిమ్మట ఆ శ్రమ అనవసరమని గ్రహించి, ఘంటసాలగారు రాగాన్ని క్లుప్తం చేసి, పదానికీ భావానికీ పెద్దపీట వేశారు. తారస్థాయిని భావం కోరినచోటనే వినియోగించారు. 1961లో విడుదలైన జగదేకవీరుని కథ చిత్రంలో పెండ్యాల నాగేశ్వరరావుగారి స్వరకల్పనలోని శివశంకరీ గీతం వినండి. ఎంత పైకి వెళ్ళినా అక్షరం చెదరదు, నాదం పగలదు.

చివరి సంవత్సరాలలో అనారోగ్యం ఆయనను క్రుంగదీసింది. అయినను భగవద్గీత గానాన్ని పూర్తి చేశారు. 1974 ఫిబ్రవరి 11న, యాభై రెండవ ఏట, ఆయన పరమపదించారు. ఆ గీతాగానం ఆయన మరణానంతరమే లోకానికి అందింది. అందులో ఆర్భాటం లేదు, అరుపు లేదు. శరీరం సహకరించని దశలోనూ శిక్షణ పొందిన గాత్రం ఎంత మేలు చేయగలదో అదే నిదర్శనం.

కాబట్టి సోదర సోదరీమణులారా! మైకు ఉన్నప్పుడు అరవవద్దు. బృందగానానికి అందరికీ అందే శ్రుతిని నిర్ణయించుకోండి. పిల్లలను పెద్దల శ్రుతికి బలవంతపెట్టకండి. జలుబు, జ్వరం ఉన్ననాడు గొంతుకు విశ్రాంతి ఇవ్వండి. తరచుగా మంచినీరు త్రాగండి. పాడేటప్పుడు నొప్పి కలిగితే వెంటనే ఆపండి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని దర్శించండి.

ఆలయ గోపురం ఎంత ఎత్తయినా పునాది మీదనే నిలుస్తుంది. గానానికి మంద్రమే పునాది. ఆ పునాదిని ఓర్పుతో వేసుకొన్నవారి గాత్రం ఈ మండపంలో చిరకాలం మ్రోగుగాక!