జార్జ్ క్యాడ్‌బరీ: బోర్న్‌విల్‌లో చూసినది, సావో టోమేలో చూడనిది

చాక్లెట్ పేరుగా మనందరికీ తెలిసిన క్యాడ్‌బరీ కుటుంబంలో జార్జ్ 1839లో బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. క్వేకర్ విశ్వాసి. 1861లో అన్న రిచర్డ్‌తో కలిసి, దెబ్బతిన్న తండ్రి వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుని నిలబెట్టారు. 1879లో ఫ్యాక్టరీని నగరం పొగకు దూరంగా బోర్న్‌విల్‌కు మార్చారు. అక్కడ పెరడున్న ఇళ్లతో ఒక ఊరే కట్టించి, 1900లో దాన్ని ట్రస్టుకు అప్పగించారు. ఆదివారం ఉదయాన్నే కూలివారికి చదువు, బైబిలు నేర్పే పనిని దశాబ్దాల పాటు మానలేదు. ఇలాంటి యజమాని మన సంఘంలో ఉండి మందిరానికి స్లాబు కూడా వేయిస్తే, ఆయన సరుకు ఎక్కడి నుంచి వస్తోందని అడగడానికి మనలో ఎవరికి నోరు వస్తుంది?

కోకో బోర్న్‌విల్‌లో పండదు. కంపెనీ కొనే గింజల్లో పెద్ద భాగం ఆఫ్రికా పశ్చిమ తీరాన, పోర్చుగల్ ఏలుబడిలోని సావో టోమే, ప్రిన్సిపె దీవుల నుంచి వచ్చేది. 1901లో అక్కడి తోట ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని ఆస్తుల జాబితాలో కూలీలకు కూడా వెల కట్టి ఉంది. అంగోలా నుంచి తెచ్చిన ఆ మనుషులు కాగితం మీద ఒప్పంద కూలీలే. తిరిగి ఇల్లు చేరినవారు మాత్రం బహు అరుదు.

కంపెనీ ఊరుకోలేదు. రిచర్డ్ కుమారుడు విలియం విచారణకు పూనుకుని లిస్బన్ వెళ్లారు, సంస్కరణల మాట తీసుకున్నారు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే మరో క్వేకర్‌ను పంపారు. ఆయన 1907లో తిరిగి వచ్చి, అది బానిసత్వమేనని తేల్చారు. అయినా కొనుగోళ్లు ఆగింది 1909 మార్చిలో. కొనుగోలుదారుగా ఉంటేనే మన మాట చెల్లుతుందన్నది వారి వాదన. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ వాదన కంపెనీ లాభానికి కూడా సరిగ్గా సరిపోయింది. అదే కాలంలో జార్జ్ సొంత పత్రిక డైలీ న్యూస్, దక్షిణాఫ్రికా గనుల్లో చైనా కూలీల దుస్థితిపై నిప్పులు చెరిగింది.

ఆయన వేషధారి అని మేము అనుకోవడం లేదు. వేషధారి అయితే ఈ కథ మనకు ఇంత ఇబ్బంది కలిగించేది కాదు. బోర్న్‌విల్‌ను ఆయన రోజూ కళ్లారా చూశారు. దీవులను ఉత్తరాల్లోనూ నివేదికల్లోనూ చూశారు.

1908లో స్టాండర్డ్ పత్రిక క్యాడ్‌బరీలది కపటమని రాసింది. అది కన్సర్వేటివుల పత్రిక, డైలీ న్యూస్ లిబరళ్లది. ఆ పగను పక్కన పెట్టి ఆ వ్యాసాన్ని తూచలేం. క్యాడ్‌బరీలు పరువునష్టం దావా వేశారు. 1909 డిసెంబరులో బర్మింగ్‌హామ్ జ్యూరీ వారి పక్షానే తీర్పు చెప్పి, పరిహారంగా ఒక్క ఫార్దింగ్ ఇప్పించింది. పిచ్చుకల ధరగా పాత ఇంగ్లీషు బైబిలులో కనిపించే నాణెం అదే.